స్టార్‌యూఎంఎల్‌లో ఎలిమెంట్ ప్రాపర్టీలు దిద్దడం: బొమ్మ వేరు, మోడల్ వేరు

స్టార్‌యూఎంఎల్ అంటే సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని యూఎంఎల్ అనే ప్రామాణిక గుర్తులతో బొమ్మలుగా గీసే టూల్. డయాగ్రామ్‌లో ప్యాసింజర్ క్లాస్‌ని చెరిపేస్తారు, పక్కనున్న మోడల్ ఎక్స్‌ప్లోరర్‌లో (ఎలిమెంట్లన్నిటి జాబితాలో) అది చెక్కుచెదరకుండా ఉంటుంది. రంగు మారిస్తే ఆ ఒక్క డయాగ్రామ్‌లోనే మారుతుంది. పేరు మారిస్తే మాత్రం అన్ని డయాగ్రామ్‌లలోనూ మారిపోతుంది. కొత్తగా స్టార్‌యూఎంఎల్ పట్టినవాళ్లు దీన్ని బగ్ అనుకుంటారు, కాదు. తెర మీద కనబడే పెట్టె ఒకటి, దాని వెనక ఫైల్‌లో ఉండే అసలు ఎలిమెంట్ మరొకటి. మొదటిదాన్ని వ్యూ అంటారు, రెండోదాన్ని మోడల్ ఎలిమెంట్ అంటారు. ఒక మోడల్ ఎలిమెంట్‌కి ఎన్ని వ్యూలైనా ఉండొచ్చు. ఏదైనా ప్రాపర్టీ మార్చబోయే ముందు అది ఈ రెంటిలో దేనికి చెందిందో తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి.

ఇక్కడ ఆర్టీసీ రిజర్వేషన్ లాంటి చిన్న మోడల్‌ని ఉదాహరణగా పెట్టుకుందాం. టికెట్, ప్యాసింజర్, సర్వీస్, సీట్ అని నాలుగు క్లాసులు చాలు. పేర్లు, మెనూలు ఇక్కడ తెలుగు లిపిలో రాశాం గానీ టూల్‌లో అవి ఇంగ్లిష్‌లోనే కనిపిస్తాయి, మీరూ ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ముందు మీ దగ్గరున్నది ఏ వెర్షనో చూసుకోండి

కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ 5.0.2.1570 అనే పాత ఓపెన్‌సోర్స్ వెర్షన్ కనబడుతుంది. నంబర్ పెద్దదిగా ఉందని మోసపోవద్దు, అది 2005 కాలపు సాఫ్ట్‌వేర్. ఎంకేల్యాబ్ కంపెనీ 2014లో టూల్‌ని మళ్లీ మొదటి నుంచి రాసి, లెక్కని వెర్షన్ 2 నుంచి కొనసాగించింది. పాతదాని ఫైల్ ఎక్స్‌టెన్షన్ యూఎంఎల్, కొత్తదాని ఎక్స్‌టెన్షన్ ఎండీజే. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఎండీజే ఫైళ్లు వాడే కొత్త టూల్ గురించి.

దిద్దడానికి ఎక్కడెక్కడ చోటుంది

మొదటిది క్విక్ ఎడిట్. పెట్టె మీద డబుల్ క్లిక్ చేసినా, దాన్ని సెలెక్ట్ చేసి ఎంటర్ కొట్టినా పేరు రాసే గడి తెరుచుకుంటుంది. దాని చుట్టూ విజిబిలిటీ (బయటి క్లాసులకు కనబడాలా వద్దా అన్నది) మార్చడానికి, అట్రిబ్యూట్ (క్లాస్ దాచుకునే సమాచారం), ఆపరేషన్ (క్లాస్ చేసే పని), నోట్ వగైరా చేర్చడానికి చిన్న బటన్లు ఉంటాయి. రోజువారీ పని ఎక్కువగా ఇక్కడే అయిపోతుంది.

రెండోది కుడివైపు ఉండే ప్రాపర్టీస్ ఎడిటర్. క్విక్ ఎడిట్‌లో చోటు దొరకని ప్రాపర్టీలన్నీ ఇందులో ఉంటాయి. అబ్‌స్ట్రాక్టా (నేరుగా వాడలేని నమూనా మాత్రమేనా) కాదా, స్టాటిక్కా (క్లాస్ మొత్తానికి ఒక్కటేనా) కాదా, మల్టిప్లిసిటీ (ఎన్ని ఉండొచ్చన్న లెక్క) ఎంత, డిఫాల్ట్ విలువ ఏమిటి అన్నవి ఇక్కడే చూడాలి. ఇది ఎప్పుడూ సెలెక్ట్ అయి ఉన్న ఎలిమెంట్‌నే చూపిస్తుంది. క్లాస్ పెట్టెని సెలెక్ట్ చేస్తే క్లాస్ ప్రాపర్టీలు, పెట్టె లోపల అట్రిబ్యూట్ లైన్ మీద ఇంకోసారి క్లిక్ చేస్తే ఆ అట్రిబ్యూట్ ప్రాపర్టీలు వస్తాయి. క్లాస్ సెలెక్ట్ అయి ఉండగా అట్రిబ్యూట్‌ని మారుస్తున్నాననుకుని క్లాస్‌ని స్టాటిక్ చేయడానికి వెతుక్కోవడం మామూలే. ముందు నేమ్ గడిలో ఏ పేరుందో చూసి ఆ తర్వాత చెయ్యి పెట్టండి.

మూడోది స్టైల్ ఎడిటర్, నాలుగోది డాక్యుమెంటేషన్ ఎడిటర్. స్టైల్‌లో చేసేది వ్యూకి, డాక్యుమెంటేషన్‌లో రాసేది మోడల్‌కి చెందుతుంది. ఈ ప్యానెళ్లలో ఏదైనా కనబడకపోతే వ్యూ మెనూలో దాని టిక్ తీసేసి ఉందేమో చూడండి.

అట్రిబ్యూట్‌ని ఒక్క లైన్‌లో రాయడం

పేరు గడిలో పేరొక్కటే రాసి, మిగతావన్నీ ప్రాపర్టీస్‌లో ఒక్కొక్కటిగా వెతికి నింపుతుంటారు చాలామంది. ఆ శ్రమ అక్కర్లేదు. క్విక్ ఎడిట్‌కి యూఎంఎల్ రాత పద్ధతి అర్థమవుతుంది. విజిబిలిటీ గుర్తు, పేరు, కోలన్, టైప్, చతురస్ర బ్రాకెట్లలో మల్టిప్లిసిటీ, సమానం గుర్తు, డిఫాల్ట్ విలువ: ఇదీ వరస. ఉదాహరణకు టికెట్ క్లాస్‌లో ఇలా కొట్టొచ్చు:

- పీఎన్ఆర్: స్ట్రింగ్
- సీట్లు: సీట్[1..*]
- స్థితి: స్ట్రింగ్ = "బుక్డ్"

పై మూడు లైన్ల ముందున్న గీత బుల్లెట్ కాదు, ప్రైవేట్ అని చెప్పే మైనస్ గుర్తు. అదీ కలిపే కొట్టాలి. పబ్లిక్‌కి ప్లస్, ప్రొటెక్టెడ్‌కి హ్యాష్, ప్యాకేజ్‌కి టిల్డా. గుర్తు పెట్టకపోతే కొత్త అట్రిబ్యూట్ పబ్లిక్‌గా పడుతుంది. ల్యాబ్ రికార్డుల్లో ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి వివరాలు బయటకు కనబడకుండా దాచడం) గురించి అరపేజీ రాసి, పక్కన డయాగ్రామ్‌లో అన్నిటికీ ప్లస్ ఉండటానికి కారణం ఇదే. స్టీరియోటైప్ (ఎలిమెంట్ ఏ రకందో చెప్పే అదనపు ముద్ర) కూడా పెట్టాలంటే అన్నిటికంటే ముందు రెండేసి కోణపు బ్రాకెట్ల మధ్య రాయండి.

లైన్ పూర్తయ్యాక ఎంటర్ కొడితే గడి మూసుకుంటుంది, కంట్రోల్+ఎంటర్ కొడితే దాని కిందే ఇంకో అట్రిబ్యూట్ తయారవుతుంది. పై, కింది బాణాలతో ముందు వెనక లైన్లకు వెళ్లొచ్చు. కంట్రోల్ నొక్కి బాణాలు వాడితే లైనే పైకీ కిందికీ జరుగుతుంది. ఎనిమిది అట్రిబ్యూట్ల క్లాస్‌ని మౌస్ ముట్టుకోకుండా పూర్తి చేయొచ్చు.

లైన్‌లో పట్టనివి ప్రాపర్టీస్ ఎడిటర్‌లో మిగులుతాయి. ఈజ్‌స్టాటిక్ టిక్ పెడితే పేరు కింద గీత పడుతుంది. ఈజ్‌డిరైవ్డ్ పెడితే పేరు ముందు స్లాష్ వస్తుంది. ప్రయాణికుడి వయసుని పుట్టినతేదీ నుంచి లెక్కగడితే అలా చూపాలి. ఈజ్‌రీడ్‌ఓన్లీ, ఈజ్‌ఆర్డర్డ్, ఈజ్‌ఐడీ లాంటివి మీసాల బ్రాకెట్లలో కనబడతాయి. కానీ ఫార్మాట్ మెనూలో షో ప్రాపర్టీ ఆన్‌లో ఉంటేనే. టిక్ పెట్టాం, బొమ్మలో ఏమీ మారలేదు అంటే చూడాల్సింది అక్కడ. టిక్ పోలేదు, చూపించడమే ఆగింది.

టైప్: ఉత్త అక్షరాలా, లింకా?

పొరపాటు జరిగినా నెలల తరబడి బయటపడని చోటు ఇది. సీట్లు అనే అట్రిబ్యూట్‌కి టైప్ సీట్ అని ఉందనుకోండి. ఫైల్‌లో అది రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, కొటేషన్లలో సీట్ అనే ఉత్త పదం. రెండోది, సీట్ క్లాస్ ఐడీని చూపించే లింక్. బొమ్మలో రెంటికీ వెంట్రుకవాసి తేడా కూడా కనబడదు.

తేడా బయటపడేది పేరు మార్చిన రోజున. సీట్ క్లాస్ పేరుని బెర్త్ అని మార్చి చూడండి. అట్రిబ్యూట్ టైప్ తనంతట తానే బెర్త్ అయితే అది లింక్. ఇంకా సీట్ అనే చూపిస్తుంటే అది ఉత్త పదం. చూసుకున్నాక కంట్రోల్+జెడ్‌తో వెనక్కి తెచ్చుకోండి. పెద్ద మోడల్ చేతికి వచ్చినప్పుడు నాలుగైదు అట్రిబ్యూట్ల మీద ఈ పరీక్ష చేస్తే, దాన్ని గీసినవాళ్లు ఎంత జాగ్రత్తగా గీశారో తెలిసిపోతుంది.

సరిచేయడం తేలికే. అట్రిబ్యూట్‌ని సెలెక్ట్ చేసి, ప్రాపర్టీస్‌లో టైప్ గడి పక్కనున్న బటన్ నొక్కితే మోడల్‌లోని ఎలిమెంట్ల జాబితా వస్తుంది. అందులోంచి సీట్ క్లాస్‌ని ఎంచుకోండి. మీ మోడల్‌లోనే ఉన్న క్లాస్ టైప్‌గా వచ్చినప్పుడల్లా ఇలా జాబితాలోంచి ఎంచుకోవడమే మంచిది. ఇంట్, స్ట్రింగ్, డేట్ లాంటివాటికి ఉత్త పదం చాలు, వాటి కోసం మోడల్‌లో ఖాళీ క్లాసులు తయారు చేయక్కర్లేదు.

జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనబడిందంటే మోడల్‌లో నకలు ఉందని అర్థం. రెండో డయాగ్రామ్‌లో సీట్ కావాల్సివచ్చి, ఎవరో టూల్‌బాక్స్‌లోంచి కొత్త క్లాస్ తీసుకుని మళ్లీ సీట్ అని పేరు పెట్టుంటారు. పేరు ఒకటే అయినా అవి రెండు వేర్వేరు క్లాసులు, ఒకదానికి చేర్చిన అట్రిబ్యూట్ ఇంకోదానికి రాదు. ఉన్న క్లాసే రెండో డయాగ్రామ్‌లో కావాలంటే మోడల్ ఎక్స్‌ప్లోరర్‌లోంచి దాన్ని పట్టుకుని డయాగ్రామ్ మీదకు లాగండి. అప్పుడు కొత్త వ్యూ మాత్రమే పుడుతుంది.

ఆపరేషన్లు

రాత పద్ధతి ఇక్కడా అదే: + రద్దుచేయి(కారణం: స్ట్రింగ్): బూలియన్. తికమక పెట్టేది రిటర్న్ టైప్, అంటే ఆపరేషన్ తిరిగిచ్చే విలువ టైప్. ఆపరేషన్‌ని సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో ఎంత వెతికినా రిటర్న్ టైప్ అనే గడి కనబడదు. ఎందుకంటే స్టార్‌యూఎంఎల్ దాన్ని కూడా ఒక పారామీటర్‌గానే (ఆపరేషన్‌కి అందించే విలువలాగే) దాచుకుంటుంది. పేరుండదు, డైరెక్షన్ విలువ రిటర్న్ అని ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఆపరేషన్‌ని విప్పితే కిందే కనబడుతుంది. దాన్ని సెలెక్ట్ చేసి టైప్ మార్చండి, లేదా క్విక్ ఎడిట్ లైన్‌లో చివరి కోలన్ తర్వాతి మాట మార్చండి.

చేత్తో పారామీటర్ చేర్చి డైరెక్షన్‌ని మార్చకుండా వదిలేస్తే అది ఇన్ అవుతుంది. రిటర్న్ కావాల్సింది బ్రాకెట్ల లోపలకి వెళ్లి కూర్చుంటుంది. సిగ్నేచర్‌లో (ఆపరేషన్ పూర్తి లైన్‌లో) పేరులేని పారామీటర్ వేలాడుతుంటే కారణం అదే.

ఆపరేషన్‌కి ఈజ్‌అబ్‌స్ట్రాక్ట్ టిక్ పెడితే ఆ లైన్ ఇటాలిక్ అవుతుంది, క్లాస్ పేరు మాత్రం కాదు. క్లాస్‌కి విడిగా టిక్ పెట్టాలి. ఒకటి పెట్టి ఇంకోటి మరిచిపోతే డయాగ్రామ్ తనను తానే కాదంటున్నట్టు ఉంటుంది.

అసోసియేషన్: గీతకి రెండు చివరలు

రెండు క్లాసుల మధ్య సంబంధాన్ని చూపే గీతే అసోసియేషన్. దాని మధ్యలో క్లిక్ చేస్తే ప్రాపర్టీస్‌లో ఎండ్1, ఎండ్2 అని రెండు భాగాలు వస్తాయి. గీత గీసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టి లాగారో అది ఎండ్1, ఎక్కడ వదిలారో అది ఎండ్2. గుర్తులేకపోతే ఎండ్1కి తాత్కాలికంగా ఏదైనా రోల్ పేరు (ఆ కొసకు పెట్టే పేరు) ఇచ్చి అది ఏ కొసన పడిందో చూడండి. క్విక్ ఎడిట్‌తో అయితే ఈ గొడవే లేదు. గీత కొసకు దగ్గరగా డబుల్ క్లిక్ చేస్తే ఆ కొస, మధ్యలో చేస్తే అసోసియేషన్ తెరుచుకుంటాయి.

అగ్రిగేషన్ (ఒకటి ఇంకోదానిలో భాగమని చెప్పే సంబంధం) వజ్రం తప్పు కొసన పడటం మామూలే. గీత చెరిపి మళ్లీ గీస్తే రోల్ పేర్లూ మల్టిప్లిసిటీలూ పోతాయి. అలా చేయకుండా, వజ్రమున్న ఎండ్‌లో అగ్రిగేషన్‌ని నన్‌గా మార్చి, రెండో ఎండ్‌లో షేర్డ్ లేదా కాంపోజిట్ పెట్టండి. షేర్డ్ అంటే ఖాళీ వజ్రం, కాంపోజిట్ అంటే నిండు వజ్రం. బస్సు సర్వీస్‌ని తీసేస్తే దాని సీట్లకు మనుగడ లేదు కాబట్టి అక్కడ కాంపోజిట్, వజ్రం సర్వీస్ వైపు. ప్రయాణికుడు టికెట్ రద్దు చేసుకున్నా మనిషి మిగులుతాడు కాబట్టి అక్కడ మామూలు గీత చాలు.

బాణం ముక్కు నావిగబుల్ అనే ప్రాపర్టీ వల్ల వస్తుంది; ఇటు క్లాస్ నుంచి అటు క్లాస్‌కి చేరుకోవచ్చా అన్నది అది చెబుతుంది. పాత వెర్షన్లలో ఇది టిక్ పెట్టె, కొత్తవాటిలో మూడు విలువల జాబితా: అన్‌స్పెసిఫైడ్ (ఏదీ చెప్పలేదు), నావిగబుల్, నాట్ నావిగబుల్.

ఈ ప్రాపర్టీలు అలంకారానికే అనుకునేవాళ్లు జావా కోడ్ జెనరేట్ చేసి చూడాలి. టూల్స్ మెనూలోని ఎక్స్‌టెన్షన్ మేనేజర్ నుంచి జావా ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని కోడ్ తీస్తే, టికెట్ క్లాస్‌లో ప్యాసింజర్ ఫీల్డ్ రావాలంటే రెండు షరతులు: ప్యాసింజర్ వైపు ఎండ్ నావిగబుల్ అయి ఉండాలి, దానికి రోల్ పేరు ఉండాలి. గీత ఉంది, ఫీల్డ్ రాలేదు అంటే నూటికి తొంభై పాళ్లు రోల్ పేరు ఖాళీగా ఉంటుంది.

మల్టిప్లిసిటీ సంగతీ అంతే. ఎండ్‌లో 0..*, 1..*, * అనే మూడింటిలో ఒకటి ఉంటే కలెక్షన్ (చాలా విలువలు పట్టే ఫీల్డ్) వస్తుంది. ఈజ్‌ఆర్డర్డ్ టిక్ ఉంటే లిస్ట్, లేకపోతే సెట్. సీట్ల వరస ముఖ్యమైతే ఆ టిక్ మరవకండి. పుస్తకాల్లో చూసినట్టు 0..n అని కొట్టినా, చుక్కలకీ నక్షత్రానికీ మధ్య స్పేస్ పడినా బొమ్మలో బాగానే కనబడుతుంది గానీ జెనరేటర్ దాన్ని పట్టించుకోక ఒంటి ఫీల్డ్ రాసేస్తుంది. అందుకే చేత్తో కొట్టకుండా డ్రాప్‌డౌన్ జాబితాలోంచి ఎంచుకోవడం నయం.

స్టీరియోటైప్

స్టీరియోటైప్ గడి కూడా టైప్ లాంటిదే. ఉత్త పదం రాయొచ్చు, ప్రొఫైల్‌లోని (ముందే తయారైన స్టీరియోటైప్‌ల సెట్‌లోని) స్టీరియోటైప్‌కి లింక్ చేయొచ్చు. ఎంటిటీ, బౌండరీ, కంట్రోల్ గుర్తులు బొమ్మలుగా కావాలంటే ఉత్త పదంతో కుదరదు. ముందు మోడల్ మెనూలోని ప్రొఫైల్ కింద యూఎంఎల్ స్టాండర్డ్ ప్రొఫైల్‌ని అప్లై చేయాలి. ఆ తర్వాత జాబితాలోంచి స్టీరియోటైప్ ఎంచుకోవాలి. చివరగా ఫార్మాట్‌లో స్టీరియోటైప్ డిస్‌ప్లేని ఐకాన్‌గా మార్చాలి. ఇంటర్‌ఫేస్‌ని పెట్టెగా కాకుండా చిన్న గుండ్రంగా చూపడానికి కూడా ఇదే ఐకాన్ సెట్టింగ్.

రూపానికి సంబంధించినవి

రంగు, ఫాంట్, గీత వంపు ఇవన్నీ వ్యూకే చెందినవి. పది పెట్టెల చుట్టూ మౌస్‌తో చట్రం గీసి సెలెక్ట్ చేస్తే స్టైల్ ఎడిటర్‌లో పదింటికీ ఒకేసారి రంగు మార్చొచ్చు. గీతలు అడ్డదిడ్డంగా ఉంటే లైన్ స్టైల్‌ని రెక్టిలీనియర్ చేయండి, మూలలు లంబకోణాలుగా తిరుగుతాయి. ఓవర్‌వ్యూ డయాగ్రామ్‌లో పేర్లు మాత్రమే చాలనుకుంటే సప్రెస్ అట్రిబ్యూట్స్, సప్రెస్ ఆపరేషన్స్ టిక్ పెట్టండి. అట్రిబ్యూట్లను చెరిపితే డీటెయిల్ డయాగ్రామ్‌లోనూ పోతాయి. ఆటో రీసైజ్ ఆన్‌లో ఉన్న పెట్టెని చేత్తో లాగి పెద్దది చేయబోతే మాట వినదు. ముందు అది తీసేయాలి.

తెలుగులో పేర్లు పెట్టొచ్చా? టూల్ ఒప్పుకుంటుంది, జావా కూడా యూనికోడ్ పేర్లకు అడ్డు చెప్పదు. అయినా నడుమ ఒత్తులు, గుణింతాలున్న వేరియబుల్ పేర్లతో పనిచేయాల్సిన పక్కసీటు మనిషిని తలచుకుని, పేర్లు ఇంగ్లిష్‌లో ఉంచి వివరణని డాక్యుమెంటేషన్ ఎడిటర్‌లో తెలుగులో రాయండి. జావా ఎక్స్‌టెన్షన్‌లో జావాడాక్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆ వివరణే కోడ్‌లో కామెంట్‌గా వస్తుంది.

చెరపడం రెండు రకాలు

డిలీట్ కొడితే ఆ డయాగ్రామ్‌లోంచి వ్యూ మాత్రమే పోతుంది, మోడల్‌లో క్లాస్ అలాగే ఉంటుంది. కంట్రోల్+డిలీట్ కొడితే మోడల్‌లోంచే పోతుంది. దానికి అతికి ఉన్న అసోసియేషన్లు, జనరలైజేషన్లు (వారసత్వాన్ని చూపే గీతలు) కూడా అన్ని డయాగ్రామ్‌లలోంచీ పోతాయి. అందుకే కంట్రోల్+డిలీట్ తర్వాత మిగతా డయాగ్రామ్‌లు ఒకసారి తెరిచి చూశాకే సేవ్ చేయండి. అన్‌డూ పనిచేస్తుంది గానీ, టూల్ మూసి మళ్లీ తెరిస్తే దాని చరిత్ర ఉండదు.

డిలీట్ ఒక్కటే వాడుతూ పోతే ఇంకో రకం చెత్త పేరుకుంటుంది. ఏ డయాగ్రామ్‌లోనూ లేని క్లాసులు ఎక్స్‌ప్లోరర్‌లో మిగిలిపోతాయి, కోడ్ జెనరేట్ చేసినప్పుడు వాటికీ ఫైళ్లు పుడతాయి. అప్పుడప్పుడు ఎక్స్‌ప్లోరర్‌ని పైనుంచి కిందికి చూసి ఊడ్చేయాలి.

ఒకేసారి ఎన్నో మార్చాలంటే

అరవై అట్రిబ్యూట్లు పబ్లిక్‌గా పడిపోయాయి, అన్నీ ప్రైవేట్ కావాలి. ఒక్కొక్కటీ క్లిక్ చేయడం విసుగు. ఎండీజే ఫైల్ లోపల ఉన్నది మామూలు జేసన్ టెక్స్ట్, కాబట్టి టెక్స్ట్ ఎడిటర్‌తో తెరవొచ్చు. ముందు స్టార్‌యూఎంఎల్‌లో సేవ్ చేసి టూల్ మూసేయండి, ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. టూల్ తెరిచి ఉండగా ఫైల్ మారిస్తే, తర్వాత అక్కడ సేవ్ కొట్టగానే మీ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

లోపల ప్రతి ఎలిమెంట్‌కీ ఒక టైప్ లైన్, ఒక ఐడీ, పేరెంట్‌ని చూపే రిఫరెన్స్ ఉంటాయి. అట్రిబ్యూట్లకి టైప్ లైన్‌లో యూఎంఎల్‌అట్రిబ్యూట్ అని కనబడుతుంది. ఐడీలనీ, డాలర్ గుర్తుతో మొదలయ్యే రిఫరెన్సులనీ ముట్టుకోవద్దు. ఒక్క అక్షరం తేడా వచ్చినా లింక్ తెగుతుంది. ఫైల్ మొత్తం మీద గుడ్డిగా ఫైండ్ అండ్ రీప్లేస్ చేయకండి. విజిబిలిటీ విలువ క్లాసులకీ ఆపరేషన్లకీ కూడా ఉంటుంది, అవన్నీ మారిపోతాయి. ఇంకో చిక్కు: ప్రాపర్టీ డిఫాల్ట్ విలువలోనే ఉంటే ఆ లైన్ ఫైల్‌లో ఉండకపోవచ్చు. అప్పుడు వెతికినా దొరకదు, కొత్తగా చేర్చాలి, ముందు లైన్ చివర కామా మరవకూడదు. ఉత్త పదంగా ఉన్న టైపుల్ని పట్టుకోవడానికి కూడా ఇదే మంచి చోటు. టైప్ తర్వాత నేరుగా కొటేషన్ వస్తే పదం, మీసాల బ్రాకెట్ వస్తే లింక్.

సేవ్ చేసినప్పుడు స్టార్‌యూఎంఎల్ తనంతట తానే మోడల్‌ని తనిఖీ చేస్తుంది. కింద స్టేటస్ బార్‌లో పచ్చ టిక్ ఉంటే సరే, ఎర్ర గుర్తు ఉంటే దాని మీద క్లిక్ చేయండి. తప్పుల జాబితా వస్తుంది, లైన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ ఎలిమెంట్ దగ్గరకే తీసుకెళ్తుంది. యూఎంఎల్001 అంటే పేరు ఖాళీగా ఉంది, యూఎంఎల్002 అంటే అదే పేరు అక్కడ ఇప్పటికే ఉంది. పైన చెప్పిన నకలు సీట్ క్లాస్ అదే ప్యాకేజీలో ఉంటే ఈ రెండోదానికి దొరుకుతుంది. వేరే ప్యాకేజీలో ఉంటే దొరకదు, ఎక్స్‌ప్లోరర్‌లో కంటితో వెతుక్కోవాల్సిందే.